1966 అలీ, 1988 టైసన్ తలపడితే: పేర్లు కాదు, తేదీలు పెట్టి చూడాలి

హెవీవెయిట్ బాక్సింగ్ గురించి మీరు అడిగినవి మూడు. మంచి ఊపులో ఉన్న ముహమ్మద్ అలీ, మంచి ఊపులో ఉన్న మైక్ టైసన్ తలపడితే గెలుపెవరిది? 49 పోటీల్లో ఒక్కటీ ఓడని మార్సియానో ఈనాటి భారీకాయుల ముందు నిలుస్తాడా? జో లూయిస్‌ను ఎక్కడ పెట్టాలి? జవాబులు ముందే చెప్పేస్తాను. మొదటిదానికి అలీ, అయితే పదిసార్లు తలపడితే ఆరుసార్లే. రెండోదానికి నిలవడు, కానీ అతనికి తగిన పోటీ వేరే ఉంది, అది చివర్లో. లూయిస్ చేతికి దొరికిన వాణ్ని ఎవరినైనా పడగొట్టగలడు, అతని చిక్కంతా కాళ్లలో ఉంది.

ఈ జవాబులకు ఎలా వచ్చానన్నది అసలు విషయం. ఇలాంటి వాదనలన్నీ చెడేది ఒక్కచోటే: రెండు పేర్లు పెడతారు, తేదీలు పెట్టరు. "అలీ" అంటే ఏ అలీ? 1966 నవంబర్ 14న హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులో ముగించిన అలీకి 24 ఏళ్లు, బరువు 212 పౌండ్ల చిల్లర. ఆ తర్వాత సైన్యంలో చేరనన్నందుకు 1967 నుంచి 1970 అక్టోబర్ దాకా మూడున్నరేళ్లు బరికి దూరమయ్యాడు. తిరిగొచ్చిన మనిషి వేరు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టిన అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకున్నాడంటే, రింగంతా తిరిగే కాళ్లు అప్పటికి లేవు గనకే. టైసన్ ముందు తాళ్లకు ఆనుకుంటే రెండో రౌండు దాటదు. కాబట్టి కిన్షాసా అలీని ఈ పోటీకి తెచ్చినవాళ్లు అతనికి అన్యాయం చేసినట్టే.

టైసన్ విషయంలోనూ అంతే. 1986 నవంబర్ 22న బెర్బిక్‌ను రెండో రౌండులో పడగొట్టి ఇరవయ్యేళ్లకే ఛాంపియన్ అయిన నాటి నుంచి, 1988 జూన్ 27న అట్లాంటిక్ సిటీలో స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించిన నాటి దాకా: అదే అసలు టైసన్. కార్నర్‌లో శిక్షకుడు కెవిన్ రూనీ ఉండేవాడు. టైసన్ గురువు కస్ డమాటో నేర్పినట్టుగా పంచ్‌లను అంకెలతో పిలిచేవాడు. స్పింక్స్ పోటీ తర్వాత రూనీని పంపించేశారు. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండులో పడిన టైసన్‌ను చూడండి: తల కదలిక తగ్గింది, జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే చిన్న పంచ్) వెనుక లోపలికి దూరడం మానేశాడు, ఒక్కొక్క పంచ్ విడిగా విసిరాడు. ఆ రాత్రి అతని కార్నర్‌లో వాపు అణచే చల్లటి లోహపు ముక్క కూడా లేక, రబ్బరు గ్లోవులో మంచునీళ్లు పోసి కంటికి అద్దారు. ఆ టైసన్‌ను చూపించి "చూశారా, పొడుగువాడి జాబ్ ముందు టైసన్ పని అంతే" అనడం తప్పు లెక్క.

తేదీల తర్వాత నిబంధనలు. నిబంధన మారితే విజేతే మారిపోతాడు.

మొదట రౌండ్లు. 1982 నవంబర్‌లో మన్సినీతో పోటీ తర్వాత బాక్సర్ దుక్ కూ కిమ్ చనిపోయాక, ప్రపంచ టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ తన టైటిల్ పోటీలను 15 నుంచి 12 రౌండ్లకు తగ్గించింది. 1980ల చివరికల్లా మిగతా సంస్థలూ అదే బాట పట్టాయి. ఆ మూడు రౌండ్లు ఎంత పని చేస్తాయో చూడండి. 1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో మార్సియానో మొదటి రౌండులోనే కిందపడ్డాడు. 12 రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు అధికారుల మార్కుల కార్డుల మీదా అప్పటి ఛాంపియన్ వాల్కాట్ కంటే వెనకబడి ఉన్నాడు. 13వ రౌండులో ఒక్క కుడి చేతి దెబ్బతో కిరీటం గెలిచాడు. అదే 12 రౌండ్ల పోటీ అయితే ఆ రాత్రి అతను ఓడిపోయేవాడు, 49–0 అన్న అంకె పుట్టేదే కాదు. 1941 జూన్‌లో లూయిస్ కూడా బిల్లీ కాన్ మీద 12 రౌండ్ల తర్వాత కార్డుల్లో ముందు లేడు, 13వ రౌండులో నాకౌట్ చేశాడు. 1980లో మైక్ వీవర్, జాన్ టేట్‌ను పడగొట్టింది 15వ రౌండు చివరి నిమిషంలో. పాత ఛాంపియన్లు 15 రౌండ్లకు సరిపడా ఊపిరి దాచుకుని ఆడేవారు. ఈనాటి వాళ్లు 12కే దాన్ని ఖర్చు పెడతారు. ఏ నిబంధన అన్నది ముందే చెప్పకపోతే ఇద్దరిలో ఒకరికి దొంగ మొగ్గు ఇచ్చినట్టే.

తర్వాత గ్లోవ్స్. లూయిస్ కాలంలో 6 ఔన్సులు, అలీ–ఫ్రేజియర్ల కాలంలో 8, ఇప్పుడు హెవీవెయిట్‌కు 10. పెద్ద గ్లోవు రెండు పనులు చేస్తుంది: దెబ్బ వెడల్పు మీద పరచుకుంటుంది, ముఖం దగ్గర పెట్టుకుంటే ఎక్కువ చోటు కాస్తుంది. చేతులు ఎత్తి గ్లోవ్స్ వెనక దాక్కునే ఆట 10 ఔన్సులతో నడుస్తుంది. 6 ఔన్సుల గ్లోవు దవడకూ మోచేతికీ మధ్య సందులోంచి దూరిపోతుంది.

ఇక రెఫరీ. దీన్ని అందరూ మరిచిపోతారు, నా లెక్కలో అలీ–టైసన్ పోటీని తేల్చేది సగం ఇదే. అలీకి ఒక అలవాటుంది: లోపలికి వచ్చిన పొట్టివాడి మెడ వెనక గ్లోవు వేసి కిందకి గుంజి పట్టుకోవడం. 1974 జనవరిలో ఫ్రేజియర్‌తో రెండో పోటీ అంతా ఇలాగే గడిచింది, రెఫరీ ఒక్క పాయింటూ కోయలేదు. మొదటి రెండుసార్లకే హెచ్చరించి మూడోసారి పాయింటు కోసే రెఫరీ ఉంటే టైసన్ అవకాశాలు బాగా పెరుగుతాయి. చూసీ చూడనట్టు వదిలేసేవాడుంటే తగ్గుతాయి. రింగు కొలతా చిన్న విషయం కాదు. 18 అడుగుల రింగులో తప్పించుకోవడానికి ఒక అడుగు తక్కువైతే మూల వెంటనే వచ్చేస్తుంది. 20 అడుగులు ఉండాలని అలీ పక్షం పట్టుబట్టాలి.

ఇప్పుడు అందరూ చేసే ఇంకో తప్పు. ఇతను అతన్ని గెలిచాడు, అతను ఇంకొకణ్ని గెలిచాడు, కాబట్టి ఇతను ఆ ఇంకొకణ్నీ గెలుస్తాడు అనే గొలుసు లెక్క. బాక్సింగ్‌లో అది పనికిరాదని చెప్పడానికి ఒక్క నలుగురు చాలు. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు ఫ్రేజియర్‌ను కూల్చాడు. 1973 మార్చిలో నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. 1974 మార్చిలో ఫోర్‌మన్ నార్టన్‌ను రెండు రౌండ్లలో ముగించాడు. గొలుసు లెక్క ప్రకారం ఫోర్‌మన్ ముందు అలీ బతకకూడదు. ఏడు నెలల తర్వాత ఏం జరిగిందో పైన చెప్పాను. తిన్నగా మీదకి వచ్చేవాణ్ని రెండు చేతులతో తోసి దూరం సరిచేసుకుని కొట్టడం ఫోర్‌మన్ ఆట. ఫ్రేజియర్, నార్టన్ ఇద్దరూ ఆ దూరంలోకే నడిచారు. అలీ నడవలేదు.

అందుకే ఎవరిని ఓడించాడని కాకుండా, ఎదుటివాడు పెట్టబోయే చిక్కును ఇంతకుముందు ఇతనికి ఎవరు పెట్టారు, అప్పుడు ఇతనేం చేశాడు అని చూడాలి. వీడియో చూసేటప్పుడు కొట్టిన పంచ్ మీద కన్ను పెట్టకండి. కొట్టాక ఆ చేయి ఎక్కడికి తిరిగొస్తుందో చూడండి. 1936లో ష్మెలింగ్ పట్టుకున్నది అదే: లూయిస్ జాబ్ వేశాక ఎడమ చేయి కిందకి జారుతుంది. ఆ సందులో కుడి చేయి వేసి వేసి 12వ రౌండులో నాకౌట్ చేశాడు. రెండోది, వెనక్కి తగ్గేటప్పుడు నేరుగా తగ్గుతాడా, పక్కకి తిరుగుతాడా. మూడోది, క్లించ్‌లో, అంటే ఒకరినొకరు పట్టుకున్నప్పుడు, చేతులు పనిచేస్తాయా, ఆగిపోతాయా. పాత ఫిల్ములకు ఒక జాగ్రత్త: డెంప్సీ, జాక్ జాన్సన్ కాలం ఫిల్ములను చేత్తో తిప్పే కెమెరాలతో తీశారు. వాటిని ఆధునిక వేగంతో ఆడిస్తే మనుషులు బొమ్మల్లా ఎగురుతుంటారు. వాళ్ల కాళ్ల పనిని ఆ వేగంలో చూసి తీర్పు చెప్పకూడదు, వేగం సరిచేసిన ప్రతి వెతుక్కోవాలి.

ఈ పద్ధతిలో అలీ–టైసన్. టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బార 71 అంగుళాలు. బాక్సర్లు రీచ్ అనేది మన బారే, చాచిన రెండు చేతుల వేళ్ల కొసల మధ్య కొలత. అలీ 6 అడుగుల 3 అంగుళాలు, బార 78.

అలీలో లోపం ఉంది, అది సరిగ్గా టైసన్ బలం దగ్గరే ఉంది. చేతులు నడుము దగ్గర పెట్టి, పంచ్ వస్తే తలను నేరుగా వెనక్కి లాగుతాడు. ఎడమ హుక్ (పక్క నుంచి వంపుగా వచ్చే పంచ్) ఆ దారినే వెంబడిస్తుంది. 1962లో సోనీ బ్యాంక్స్, 1963లో లండన్‌లో హెన్రీ కూపర్, 1971లో 15వ రౌండులో ఫ్రేజియర్: ముగ్గురూ ఎడమ హుక్‌తోనే అతన్ని కింద కూర్చోబెట్టారు. కూపర్ కొట్టినప్పుడు రౌండు ఆఖరి సెకన్లు కావడం అలీ అదృష్టం. టైసన్‌కు ఆ హుక్ ఒక్కటే కాదు, దాని ముందు పక్కటెముకల మీద కుడి హుక్, ఆ వెంటనే అదే చేత్తో గడ్డం కిందకి, కింది నుంచి పైకి లేచే అప్పర్‌కట్ కూడా ఉన్నాయి. పైగా ఫ్రేజియర్ వేడెక్కడానికి మూడు నాలుగు రౌండ్లు తీసుకునేవాడు. టైసన్ గంట మోగడమే ఆలస్యం: మొదటి 19 పోటీలూ నాకౌట్లే, అందులో 12 మొదటి రౌండులోనే. అలీకి చదువుకునే సమయం ఇవ్వని మొదటి ఎడమ హుక్ ఇదే అవుతుంది. నేను టైసన్‌కు ఇచ్చే నాలుగు గెలుపుల్లో మూడు మొదటి నాలుగు రౌండ్లలోనే.

ఇక టైసన్ వైపు. అతనికి ఈ చిక్కు పెట్టినవాళ్లు నలుగురు. 1987 మార్చిలో బోన్‌క్రషర్ స్మిత్ 12 రౌండ్లూ పట్టుకుని వేలాడాడు. గెలవడానికి కాదు, నిలబడటానికి. ఆ పట్టులోంచి టైసన్ బయటపడే దారి వెతకలేదు, రెఫరీ విడదీసేదాకా ఆగాడు. ఇదే అతని అసలు లోపం: క్లించ్‌లో చేతులు ఆగిపోతాయి. ఆగస్టులో 6 అడుగుల 5 అంగుళాల టోనీ టక్కర్ మొదటి రౌండులోనే అప్పర్‌కట్‌తో అతన్ని కదిలించి, పట్టుకుంటూ తిరుగుతూ 12 రౌండ్లు నడిచాడు. అక్టోబర్‌లో టైరెల్ బిగ్స్ కాళ్ల మీదా జాబ్ మీదా ఆధారపడ్డాడు. టైసన్ కడుపు మీద కొట్టి కొట్టి ఏడో రౌండులో ఆపాడు. జాబ్, కాళ్లు ఉంటే చాలదని, పట్టు కూడా ఉండాలని బిగ్స్ పోటీ చెబుతుంది. జాబ్, కుడి చేయి, పట్టు మూడూ కలిపి తెచ్చినవాడు డగ్లస్, బార 83 అంగుళాలు. అప్పటి టైసన్ తగ్గిపోయిన టైసన్ అయినా, తాళం చెవి ఏమిటో మాత్రం ఆ రాత్రి తెలిసింది.

1966 అలీ దగ్గర ఈ మూడూ ఉన్నాయి, పైగా బిగ్స్, టక్కర్లకు లేని వేగం. జాబ్ వేసి ఎడమ పక్కకి తిరుగుతూ పోతాడు. టైసన్ తల తప్పించి లోపలికి దూరిన ప్రతిసారీ మెడ మీద చేయి పడుతుంది. 212 పౌండ్ల మనిషి ఆ మెడ మీద వాలితే నాలుగైదు రౌండ్లకు కాళ్లు బరువెక్కుతాయి. ఆరో రౌండు నుంచి తల కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గిన తల మీద అలీ కుడి చేయి సూటిగా పడటం మొదలవుతుంది. పది, పదకొండు రౌండ్ల దగ్గర రెఫరీ ఆపడం, లేదా పాయింట్ల మీద గెలుపు. అలీ శరీరం మీద కొట్టడు కాబట్టి టైసన్ త్వరగా అలసిపోడు అనే వాదనలో నిజముంది. అయినా అలసట కంటే ముందు టైసన్‌కు విసుగు వస్తుంది, విసుగొచ్చాక ఒక్కొక్క పంచే విసురుతాడు. అక్కడికి చేరితే అలీదే ఆట.

కంప్యూటర్ అన్ని లెక్కలూ తీయగలదు కదా అని మీరు రాసినదానికి ఒక మాట. ఆ పని చేసి చూశారు. ఎప్పుడో రిటైరైన మార్సియానో 1969లో బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని, అలీతో కెమెరా ముందు పదుల కొద్దీ చిన్న రౌండ్లు ఆడాడు. రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు. కంప్యూటర్ చెప్పిన ఫలితమని 1970 జనవరిలో థియేటర్లలో చూపించారు. అమెరికాలో 13వ రౌండులో మార్సియానో నాకౌట్ చేసినట్టు, ఐరోపాలో కొన్ని చోట్ల అలీ గెలిచినట్టు. మార్సియానో అది చూడలేదు, 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో చనిపోయాడు. యంత్రానికి పెట్టిన మేత మనుషులు వేసిన మార్కులే, కాబట్టి బయటికొచ్చేదీ వాళ్ల అభిప్రాయమే. ఇప్పటి వీడియో గేముల రేటింగులకూ ఇదే వర్తిస్తుంది.

లూయిస్ గురించి క్లుప్తంగా. 1937 నుంచి 1949 దాకా కిరీటం, 25 డిఫెన్సులు (కిరీటం కాపాడుకున్న పోటీలు). దగ్గర దూరంలో ఆరంగుళాల కదలికతో అంత పదునుగా కొట్టినవాడు హెవీవెయిట్‌లో నాకు కనబడలేదు. పెద్దవాళ్లంటే భయం లేదు: 260 పౌండ్ల కార్నెరాను ఆరు రౌండ్లలో, 250 పౌండ్ల బడ్డీ బేర్‌ను ఒక్క రౌండులో ముగించాడు. కానీ కాళ్లు నిదానం, కాన్ లాంటి తిరిగేవాడు, వాల్కాట్ లాంటి జిత్తులమారి అతన్ని తికమకపెట్టారు. 1966 అలీ మీద లూయిస్‌కు పాయింట్ల ఓటమి చెబుతాను. 1988 టైసన్ మీద మాత్రం ఇద్దరిలో ఎవరో ఒకరు మొదటి మూడు రౌండ్లలో పడతారు. 1939లో గాలెంటో ఎడమ హుక్‌కు లూయిస్ కూర్చున్నాడు, కాబట్టి వెంట్రుకవాసి మొగ్గు టైసన్‌కు. 6 ఔన్సుల గ్లోవ్స్ అంటే నా మొగ్గు లూయిస్‌కు మారుతుంది.

ఇక మార్సియానో. ముందు అడగాల్సింది: అతన్ని 1955లో ఉన్నవాడిని ఉన్నట్టు ఎత్తుకొచ్చి నిలబెడుతున్నారా, ఈ కాలంలో పుట్టి పెరిగినట్టు ఊహిస్తున్నారా? రెండోదైతే మనిషే మారిపోతాడు, వాదించడానికి ఆధారం ఉండదు. మొదటిదే పట్టుకుందాం. 188 పౌండ్లు, బార 68 అంగుళాలు. అతని కాలంలో 175 పౌండ్లు దాటిన ప్రతివాడూ హెవీవెయిటే. ఇప్పుడు 200 దాకా క్రూజర్‌వెయిట్ అనే వేరే తరగతి. అంటే అతన్ని ఫ్యూరీ లాంటి ఈనాటి భారీకాయుడి ముందు పెట్టడమంటే తరగతి దాటించడమే.

చిన్నవాడు పెద్దవాణ్ని గెలవలేడని కాదు. 2024 మే 18న రియాద్‌లో 223 పౌండ్ల ఉసిక్, 262 పౌండ్ల ఫ్యూరీని ఓడించాడు. డిసెంబర్‌లో 281 పౌండ్ల ఫ్యూరీని మళ్లీ ఓడించాడు. కానీ ఉసిక్ బార 78 అంగుళాలు, ఎడమచేతి వాటం, కాళ్లతో కోణాలు మార్చి కొట్టి పక్కకి తప్పుకుంటాడు. మార్సియానో ఛాతీకి తల ఆనించి నిలబడి కొడతాడు. ఆ చోట 75 పౌండ్ల తేడా నెత్తిన కూర్చుంటుంది. 2013లో 210 పౌండ్ల కన్నింగ్‌హామ్ రెండో రౌండులో ఫ్యూరీని కుడి చేత్తో పడగొట్టాడు, ఆ తర్వాత ఫ్యూరీ తన బరువంతా మీద వేసి అరగదీసి ఏడో రౌండులో ముగించాడు. మార్సియానోకూ ఇదే జరుగుతుంది, ఆ పడగొట్టడంతో సహా. ఇంకొకటి: 1954లో చార్ల్స్‌తో రెండో పోటీలో మార్సియానో ముక్కు నిలువునా చీలింది, అయినా కొనసాగనిచ్చారు, ఎనిమిదో రౌండులో గెలిచాడు. ఈనాటి డాక్టరు అంతదాకా రానివ్వడు.

అతనికి సరైన పోటీ క్రూజర్‌వెయిట్ హోలీఫీల్డ్, 190 పౌండ్ల దగ్గర. దీనికి చేతిలో మంచి ఆధారం ఉంది. 1986 జూలై 12న హోలీఫీల్డ్, డ్వైట్ ముహమ్మద్ ఖావీతో 15 రౌండ్లు ఆడాడు. ఖావీ ఐదున్నర అడుగులు దాటీ దాటని మనిషి, మార్సియానోలాగే వంగి లోపలికి దూరి, ఆగకుండా కొట్టే రకం. హోలీఫీల్డ్ చీలిన తీర్పుతో (ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి మాటతో) గట్టెక్కాడు, నీరసించి ఆసుపత్రి పాలయ్యాడు. 1987 డిసెంబర్‌లో అదే ఖావీని నాలుగు రౌండ్లలో ముగించాడు. కాబట్టి తేదీ ముఖ్యం: 1987 చివరి హోలీఫీల్డ్, 1954 మార్సియానో. హోలీఫీల్డ్ వరుస పంచ్‌లు వేగం, కానీ దెబ్బ తగిలితే తిరిగి కొట్టకుండా ఉండలేడు, మార్సియానోకు కావలసింది అదే. 12 రౌండ్లయితే హోలీఫీల్డ్, రెండు మూడు రౌండ్ల తేడాతో పాయింట్ల మీద. 15 రౌండ్లు పెట్టి, 8 ఔన్సుల గ్లోవ్స్ ఇస్తే, 13వ రౌండు తర్వాత నా మాట మార్సియానో వైపు.